అదే పొరపాటు

వకుళ పదకొండేళ్ళపాటు మిక్సీలకూ గ్రైండర్లకూ వాషింగ్ మెషీన్లకూ వాడకం పుస్తకాలు రాసింది. అట్టపెట్టె అడుగున థర్మోకోలు ముక్క కింద పడి ఉండే ఆ పుస్తకాలను ఎవరూ చదవరని ఆమెకు బాగా తెలుసు. ఒకసారి, ఉండబట్టలేక, గ్రైండరు శుభ్రం చేసే పద్ధతి మధ్యలో ఉలవచారు కాచే విధానం నాలుగు వాక్యాల్లో ఇరికించింది. ముప్ఫై వేల ప్రతులు అచ్చయి ఊళ్ళమీదికి వెళ్ళాయి. ఒక్కరంటే ఒక్కరు కూడా ఫోను చెయ్యలేదు.

అలాంటి మనిషికి నలభయ్యో ఏట మొదటిసారి పాఠకులు దొరికారు. వాళ్ళు మనుషులు కారు.

విశాఖలో ఋషికొండ మీద ఉన్న ఒక చిన్న ప్రయోగశాలలో ఆమె భర్త భూషణ్ 'కావలి' అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. అది డయాలసిస్ యంత్రాలకు కాపలా. యంత్రం నడుస్తూ ఉండగా దాని లోపలి ప్రోగ్రాములో ఎక్కడ ఏ పొరపాటు జరిగినా కావలి దాన్ని పట్టుకుంటుంది. ఆ క్షణాన యంత్రంలో ఏం జరుగుతోందో అంతా మూటగట్టి ఒక ఏఐ ఏజెంటు ముందు పెడుతుంది. సర్దిచెయ్యాలా, ప్రోగ్రామును మళ్ళీ మొదలుపెట్టాలా, మనుషులకు చెప్పాలా అన్నది ఆ ఏజెంటు తేలుస్తుంది. తేల్చడానికి దానికి ఉన్న ఆధారం ఒక్కటే, వకుళ రాసిన పత్రం. ప్రతి నిర్ణయానికీ ముందు ఏజెంటు ఆ నూట నలభై పేజీలూ మొదటినుంచి చివరిదాకా చదువుతుంది. ఏ మాటైనా అనుమానంగా ఉంటే రచయితకే ప్రశ్న పంపుతుంది. ఒక కామా వల్ల అర్థం రెండు విధాలుగా వస్తోందని ఒక ఏజెంటు పంపిన మొదటి ప్రశ్న చూసిన రోజున వకుళకు సంతోషంతో అన్నం సహించలేదు.

కావలి వెనక భూషణ్‌కు ఒక బాధ ఉంది. పన్నెండేళ్ళ కిందట అతని అక్క సుభాషిణి డయాలసిస్ చేయించుకుంటూ మంచం మీదే పోయింది. యంత్రం అలారం మోగుతూనే ఉంది. రోజుకు మూడు వందలసార్లు ఊరికే మోగే అలారం కావడంతో ఆ హాలులో ఎవరి చెవులకూ అది ఎక్కలేదు. నర్సులది తప్పు కాదు, మోతది తప్పు అని భూషణ్ అప్పట్లోనే అన్నాడు. అందుకే కావలి ఊరికే అరవకూడదు. అవసరమైనప్పుడే నోరు విప్పాలి. అతని ఆ కోరికను వకుళ నాలుగో అధ్యాయం రెండో పేరాలో ఒక వాక్యంగా రాసిపెట్టింది. 'అదే పొరపాటు మళ్ళీ మళ్ళీ వస్తే మొదటిసారి మాత్రమే మనుషులకు తెలపాలి. తరువాత ప్రోగ్రామును మళ్ళీ మొదలుపెట్టి, ప్రధాన కొలతను నమ్మి ముందుకు సాగాలి.' ఆ వాక్యాన్ని భూషణ్ రెండుసార్లు చదివాడు. ఆ తరువాత, ఇదే నాకు కావలసింది అన్నాడు.

కావలి ఇరవైమూడు కేంద్రాలకు వెళ్ళింది. వాటిలో చిన్నది పొగడవలసలోది. జీడితోటల మధ్య ఉన్న ఊరు. ఆ చుట్టుపక్కల కిడ్నీలు చెడని ఇళ్ళు తక్కువ. ఎనిమిది మంచాలు, ఎనిమిది యంత్రాలు, ఇద్దరు నర్సులు.

ఒక గురువారం ఉదయం వకుళ సీతమ్మధార రైతుబజారులో ఆనపకాయ బేరమాడుతుండగా ఫోనులో ప్రశ్న వచ్చింది. ఆ వారంలో అది నలభయ్యో ప్రశ్నో, నలభై ఒకటోదో. పాఠకులు దొరికిన సంతోషం అప్పటికి కాస్త పలచబడింది. ప్రతి చిన్న మాటకూ అడుగుతున్నాయని ఆమె భూషణ్ దగ్గర విసుక్కోవడం కూడా మొదలుపెట్టింది.

ప్రశ్న ఇది. "నాలుగో అధ్యాయం రెండో పేరాలో 'అదే పొరపాటు' అని ఉంది. అదే అంటే అదే సంకేతమా, అదే కారణమా? పొగడవలస ఆరో యంత్రంలో ఉప్పు పాళ్ళు కొలిచే రెండు సెన్సర్ల లెక్క కలవడం లేదు. పొరపాటుకు వచ్చే కోడ్ సంకేతం మారడం లేదు. రెండింటి మధ్య తేడా మాత్రం ప్రతిసారీ కొద్దిగా పెరుగుతోంది. దీన్ని అదే పొరపాటు అనుకోవాలా?"

వెనకనుంచి ఎవరో తోసుకుంటున్నారు. వకుళ సంచి భుజానికి తగిలించుకుని బొటనవేలితో సమాధానం రాసింది. 'సంకేతం ఒకటే అయితే పొరపాటు ఒకటే.'

'అర్థమైంది. ధన్యవాదాలు' అని వెంటనే తిరుగు జవాబు వచ్చింది. ఆనపకాయ తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఆ సంగతి గుర్తు కూడా లేదు.

ఆరు రోజుల తరువాత, బుధవారం ఉదయం తొమ్మిదింటికి, పొగడవలస ఆరో యంత్రం మీద ఉన్న తవిటయ్య అనే కొబ్బరిపీచు కార్మికుడికి ఉన్నట్టుండి నడుము నొప్పి, ఆయాసం వచ్చాయి. గొట్టంలో నెత్తురు చిక్కటి ద్రాక్షరసం రంగుకు తిరిగింది. డ్యూటీలో ఉన్న నర్సు పైడితల్లి పరుగున వచ్చి యంత్రం ఆపేసి అంబులెన్సు పిలిచింది. దారిలోనే అతను పోయాడు. అతనికి నలభై నాలుగేళ్ళు. ముందు రోజు అదే యంత్రం మీద పడుకున్న ఇద్దరు కూడా ఆసుపత్రి పాలయ్యారుగాని బతికి బయటపడ్డారు.

జరిగింది ఏమిటో ప్రయోగశాలకు మధ్యాహ్నానికల్లా తెలిసింది. డయాలసిస్ యంత్రం శుద్ధి చేసిన నీళ్ళలో ఉప్పు ద్రావణం కలుపుతుంది. నెత్తురు ఎంత ఉప్పగా ఉంటుందో ఆ నీళ్ళూ అంతే ఉండాలి. ఆరో యంత్రంలో ప్రధాన సెన్సరు మెల్లగా చెడిపోతూ, ఉన్న ఉప్పుకన్నా ఎక్కువ చూపించసాగింది. దాన్ని నమ్మి యంత్రం ఉప్పు తగ్గిస్తూ పోయింది. నీళ్ళు పలచనై నెత్తుటి కణాలు పగిలిపోయాయి. రెండో సెన్సరు మొదటినుంచీ నిజమే చెబుతూ వచ్చింది. కావలి ఆ తేడాను పట్టుకుంది కూడా, ఒకటి కాదు, రెండు వందల పదకొండు సార్లు. మొదటిసారి మాత్రం పైడితల్లి తెర మీద 'స్వల్ప తేడా, సరిచేయబడింది' అని చూపించి ఊరుకుంది.

వకుళ తన గదిలో ఒంటరిగా కూర్చుని ఆ రెండు వందల పదకొండు నమోదులూ చదివింది. ప్రతిదాని పక్కన తేడా ఎంతో అంకె, దాని కింద ఏజెంటు రాసుకున్న కారణం ఉన్నాయి. పదిహేడోదాకా కారణం 'నాలుగో అధ్యాయం, రెండో పేరా'. పద్దెనిమిదో చోట 'అనుమానం, రచయితను అడిగాను' అని ఉంది. పంతొమ్మిదినుంచి చివరిదాకా ఒకటే మాట. 'రచయిత వివరణ ప్రకారం ఇది అదే పొరపాటు.' అంకెలు మాత్రం పేజీ పేజీకీ పెరుగుతూ పోయాయి. నూట తొంభై దాటాక కారణం కింద ఒక్కోసారి అదనంగా ఒక వాక్యం కనిపించింది. 'తేడా ఎక్కువగా ఉంది. వివరణ స్పష్టంగా ఉంది.'

ఆమె లేచి వెళ్ళి ముఖం కడుక్కుంది. చేతులు తుడుచుకుంటూ ఉంటే తువ్వాలు ఎటు తిరగేసి పట్టుకోవాలో కాసేపు తెలియలేదు.

ఆమె అన్నీ చూపాక భూషణ్ ఆ పూటే ఆ రెండో పేరాను పత్రంలోంచి తీసేసి, ఆమె వివరణను ఇక పాటించవద్దని ఏజెంట్లకు ఉత్తర్వు పెట్టాడు. ఇరవైమూడు కేంద్రాల్లో ప్రతి యంత్రాన్నీ వెతికించి, మరో రెండుచోట్ల మెల్లగా చెడుతున్న సెన్సర్లను మార్పించాడు. అంతసేపూ అతను భార్యవైపు చూడలేదు. కోపం వల్ల కాదని ఆమెకు తెలుసు. ఆ వాక్యం అడిగింది అతను.

మర్నాడు ప్రయోగశాల అధిపతి వేదగిరి ఇద్దరినీ పిలిపించాడు. ఆయన చెడ్డవాడేం కాదు. మూడేళ్ళుగా కావలి వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో గోడ మీద పటం గీయించి, ఆ గీత పెరిగినప్పుడల్లా అందరికీ పూతరేకులు తెప్పించిన మనిషి. విచారణ అధికారి సోమవారం వస్తున్నారని, కావలి మూతపడితే తిరిగి అన్నిచోట్లా పాత అలారాలే గతి అని చెప్పాడు. తరువాత, వకుళ మొదట్లో రాసిన చిత్తుప్రతిలో ప్రతి షిఫ్టులోనూ నర్సు చేతిమీటరుతో ఉప్పు పాళ్ళు చూడాలన్న వాక్యం ఒకటి ఉండేదని గుర్తుచేశాడు. పత్రం పొడవైపోతోందని అప్పుడు దాన్ని తీసేశారు. ఆ వాక్యాన్ని కేంద్రాలకు పంపిన జూన్ నాటి ప్రతిలో, ముందునుంచీ ఉన్నట్టుగా, తిరిగి చేర్చాలి. అంతే.

"అబద్ధం రాయమనడం లేదమ్మా" అన్నాడు. "నువ్వు రాసిందే, ఉండాల్సిన చోట పెట్టమంటున్నాను."

అప్పుడు తప్పెవరి మీద పడుతుందని వకుళ అడిగింది. నర్సును మహా అయితే వేరే ఊరికి బదిలీ చేస్తారని వేదగిరి అన్నాడు. బజారులో నిలబడి తను పంపిన సమాధానం గురించి ఆయనకు ఇంకా తెలియదని ఆ మాటతో ఆమెకు అర్థమైంది. ప్రశ్నలూ సమాధానాలూ ఆమె ఖాతాలోనే ఉంటాయి, నమోదులు ఆయన ఇంకా తెరవలేదు. భూషణ్‌కు తెలుసు. అతను కిటికీలోంచి సముద్రంవైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి వెళ్ళాక ఆ మాట వాళ్ళిద్దరి మధ్యా వచ్చింది. భూషణ్ అన్నం ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

"అక్క పోయినప్పుడు నేను నర్సును తప్పు పట్టలేదు. ఇప్పుడు పట్టమంటున్నాను. అదీ నాకు తెలుసు" అన్నాడు. "కానీ వకుళా, కావలి ఆగిపోతే ఎంతమంది పోతారో అదీ నాకు తెలుసు. నీకు ఒకే ఒక్క మనిషి కనబడుతున్నాడు."

"నా చేత్తో పోయింది ఆ ఒక్కడే కదా" అంది వకుళ.

"ఆ వాక్యం నాది."

"సమాధానం నాది. భూషణ్, అది నన్ను అడిగింది. మనం చేసిన యంత్రం, దానికి తోచనిది మనల్ని అడిగింది. నేను ఆనపకాయల మధ్య నిలబడి జవాబు చెప్పాను."

అతను లేచాడు. కంచం తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు.

శనివారం ఆమె ఎవరికీ చెప్పకుండా పొగడవలస బస్సెక్కింది. పైడితల్లి సస్పెన్షన్‌లో ఉంది. పోలీసులు రెండుసార్లు స్టేషనుకు పిలిచి కూర్చోబెట్టారట. ముప్ఫై ఏళ్ళు కూడా నిండని సన్నటి మనిషి. ఇంట్లో కూర్చోలేక, డ్యూటీ లేకపోయినా కేంద్రానికే వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటోంది. వకుళ తాను ఎవరో చెప్పి, మీ దగ్గర చేతిమీటరు ఉందా అని అడిగింది.

"అదేటండీ?" అంది పైడితల్లి.

ఆ కేంద్రానికి చేతిమీటరు అన్నది ఎప్పుడూ రాలేదు. ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. తెర మీద సరిచేయబడింది అని ఉంటే సరిచేసే ఉంటుందని నమ్మింది. తవిటయ్య ముందురోజే ఫోను చేసి ఒళ్ళు మండుతోందన్నాడని, తెర చూస్తే అంతా పచ్చగానే ఉందని, అందుకే రేపు రా చూద్దాం అన్నానని చెప్పింది. ఆ మాట చెబుతూ తన అరచేతుల్లోకి చూసుకుంది.

తవిటయ్య ఇల్లు కేంద్రానికి రెండు వీధుల అవతల. అతని భార్య దాలమ్మ వరండాలో జీడిపిక్కల తొక్క తీస్తోంది. జీడి రసానికి వేళ్ళు నల్లబడి పెచ్చులు లేచి ఉన్నాయి. వకుళ ఎదురుగా కూర్చుని, దాచకుండా, తేలిక మాటల్లో అంతా చెప్పింది. దాలమ్మ చేతిపని ఆపకుండా విన్నది.

"ఆ మిషను నిన్ను అడిగిందా?" అంది చివరికి.

"అడిగింది."

"అడిగితే నువ్వు సెప్పీసినావు."

వకుళ తలూపింది. దాలమ్మ మరో పిక్క పగలగొట్టి తొక్క తీసింది.

"మావోడూ నన్ను అడిగినాడమ్మా" అంది దాలమ్మ. "మంగళారం సందేల, ఒల్లంతా మంటగా ఉందే, రేపు ఎల్లొద్దా అన్నాడు. ఎప్పుడూ ఉండీదే గదా, ఎల్లు అన్నాను. నానూ సెప్పీసినాను."

ఆమె ఏడవలేదు. వకుళే ఏడ్చింది. దాలమ్మ ఓదార్చనూ లేదు, వెళ్ళమననూ లేదు. కాసేపయ్యాక లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, మళ్ళీ పని చేసుకోసాగింది.

సోమవారం విచారణ అధికారి డాక్టర్ హైమవతి ముందు వకుళ తన ఖాతాలోని ప్రశ్ననూ సమాధానాన్నీ పెట్టింది. జూన్ ప్రతిలో చేతిమీటరు వాక్యం లేదని, ఉందని చూపడానికి తనను అడిగారని కూడా చెప్పింది. ఎవరడిగారని హైమవతి అడిగితే వేదగిరి పేరు చెప్పింది. మీ భర్తకు తెలుసా అని అడిగితే తెలుసంది. ఆ గదిలోనే ఉన్న భూషణ్ అవును, తెలుసు అన్నాడు. వేదగిరి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

పైడితల్లి మీద కేసు ఎత్తేశారు. ఆ పని రెండు రోజుల్లోనే అయింది. మూడో రోజున మరో ఉత్తర్వు వచ్చింది. పూర్తి పరీక్ష జరిగేదాకా కావలి ఉన్న యంత్రాలేవీ నడపకూడదు. ఇరవైమూడు కేంద్రాలకూ తాళాలు పడ్డాయి.

ఇది జరగవచ్చని భూషణ్ ముందే చెప్పాడు. వకుళ నమ్మలేదు కాబోలు, లేదా నమ్మీ ఆలోచించలేదు. పొగడవలస కేంద్రం మీద బతుకుతున్నవాళ్ళు నలభై ఎనిమిది మంది. వారానికి రెండుసార్లు నెత్తురు శుభ్రపడకపోతే వాళ్ళకు ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు వస్తాయి. విశాఖ పెద్దాసుపత్రిలో వరసలో నిలబడాలి. బస్సులో నాలుగు గంటలు, వరసలో ఎంతసేపో తెలియదు. మొదటి వారంలోనే ఒక ముసలాయన బస్సులో కూర్చున్న చోటే సొమ్మసిల్లాడు.

ఆ కబురు విని వకుళ మళ్ళీ పొగడవలస వెళ్ళింది. తాళం వేసిన గేటు ముందు పాతికమంది దాకా నిలబడి ఉన్నారు. ఆమె ఎవరో వాళ్ళకు అప్పటికే తెలుసు. లోకనాథం అనే వలలు అల్లే మనిషి, ముఖమంతా ఉబ్బిపోయి ఉంది, గేటు ఊచ పట్టుకుని నిలబడి, అరవకుండా, అలసటగా మాట్లాడాడు.

"నిజం సెప్పినావు, మంచిదే. పైడితల్లి మంచి పిల్ల, కేసులోంచి బయటపడింది. మరి మాదేటి? రేపు నా వొంతు. నానెక్కడికి ఎల్లాలి?"

వకుళ ఈసారి తొందరపడి ఏమీ అనలేదు. గేటు పక్కన అరుగు మీద కూర్చుని, పైడితల్లిని పిలిచి, ఒక్కో యంత్రం మీద ఎంతమంది, ఎవరికి ఎన్ని రోజులైంది, ఎవరి పరిస్థితి ఎలా ఉంది అన్నీ అడిగి రాసుకుంది. తరువాత హైమవతికి ఫోను చేసింది. కావలిని తీసేసి, ఏజెంట్లు లేకుండా, ప్రతి పావుగంటకూ ఒక మనిషి చేత్తో ఉప్పు పాళ్ళు కొలిచి కాగితం మీద సంతకం పెడితే ఈ ఒక్క కేంద్రం నడపనిస్తారా అని అడిగింది. అంత పని చెయ్యడానికి ఎవరున్నారని హైమవతి అడిగింది. నేనున్నాను, నర్సులు నేర్పితే నేర్చుకుంటాను అంది వకుళ. నాలుగు మంచాలకు మాత్రం, ఒక డాక్టరు పక్కన ఉంటేనే అన్న షరతు మీద సాయంత్రానికి అనుమతి వచ్చింది. మిగతా ఇరవైరెండు కేంద్రాల తాళాలు అలాగే ఉన్నాయి.

మీటర్లు లేవు. వాటికోసం ఎవరిని అడగాలో ఆలోచిస్తుండగా మర్నాడు పొద్దున్న ఆరింటికి భూషణ్ కారు గేటు ముందు ఆగింది. వెనక సీటులో ప్రయోగశాలలోని అట్టపెట్టె, అందులో ఐదు చేతిమీటర్లు, వాటిని సరిచూసే ద్రావణం సీసాలు ఉన్నాయి. అనుమతి సంగతి హైమవతి చెప్పిందని, వేదగిరి రాజీనామా చేశాడని, కావలి ఇక ఉంటుందో లేదో తెలియదని చెప్పాడు. ముఖం వాడిపోయి ఉంది. తనను క్షమించాడో లేదో వకుళ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఒక మీటరు తీసి, దాని కొన ఎక్కడ ముంచాలో, అంకె నిలకడగా ఆగేదాకా ఎంతసేపు ఆగాలో ఆమెకు చూపించాడు. తరువాత రెండో మీటరు తీసుకుని అవతలి వరస మంచాల దగ్గరికి వెళ్ళాడు.

హైమవతి పంపిన డాక్టరు రాగానే పైడితల్లి తాళం తీసింది. మొదటి మంచం మీద లోకనాథం పడుకున్నాడు. సూదులు గుచ్చి, గొట్టాలు తగిలించి, పంపు తిప్పారు. నెత్తురు గొట్టంలో కదలడం మొదలుపెట్టింది. వకుళ గిన్నెలోకి కొంచెం ద్రావణం పట్టి మీటరు ముంచింది. అంకె కదిలి, కదిలి, ఒకచోట ఆగింది. యంత్రంలోని రెండు సెన్సర్లూ ఏమంటున్నాయో తెర మీద చూసింది. మళ్ళీ ఒకసారి ముంచి చూసింది.

లోకనాథం ఆమె చేతినే చూస్తున్నాడు.

"ఎంతమ్మా?"

"పదమూడు పాయింట్ తొమ్మిది" అని ఆమె పైకి చదివింది. "ఎంత ఉండాలో అంతే ఉంది. పావుగంటకి మళ్ళీ చూస్తాను."

అతను అప్పుడు కళ్ళు మూసుకున్నాడు.